ఆవిరి వాలిన వైపు

శనివారం సాయంత్రం చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుళ్ళో పదకొండు ప్రదక్షిణలు చేయడం, తీర్థం పుచ్చుకుని మెయిన్ రోడ్డు దాటి శ్రీపతి హోటల్ కాఫీ షాపులో ఒక ప్లేటు ఇడ్లీ, ఒక పెసరట్టు తిని చెరో కాఫీ తాగడం, చీకటి పడేలోగా గాంధీనగర్‌లో ఇంటికి చేరి దీపం పెట్టడం. కమలాకుమారి, ధర్మారావుల ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఈ వరస తప్పిన శనివారాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పురిటికి కొన్ని, మైలకి కొన్ని, కర్ఫ్యూలకి కొన్ని. అవి కూడా ఆవిడకి తిథులతో సహా గుర్తే. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు ఎప్పుడు పోయారో, ఎవరి ఉపనయనంలో వాన కురిసిందో తెలుసుకోవాలంటే చుట్టాలందరూ ఆవిడకే ఫోన్ చేస్తారు.

శ్రీపతి హోటల్లో పై మూడంతస్తులూ లాడ్జి, కింద కాఫీ షాపు. పద్నాలుగు బల్లలు, అద్దాల తలుపు, తలుపు పక్కనే పార్సిల్ కౌంటరు. చుట్టుపక్కల హోటళ్ళన్నీ ఏసీలు పెట్టించినా ఇక్కడ పెట్టలేదు. పైగా కాఫీ బల్లమీదికి వచ్చిందంటే ఆ బల్ల పైనున్న ఫ్యాను కూడా ఆపేస్తారు. ఈ హోటల్లో కాఫీ ఆవిరి, తాగేవాళ్ళ మనసు ఎవరి మీదుంటే వాళ్ళ వైపు వాలుతుంది. ఫ్యాను గాలికి అది చెదిరిపోతే కాఫీ తాగినట్టే ఉండదని జనం విసుక్కుంటారు. ఎండాకాలంలో చెమటలు కక్కుకుంటూ కూర్చుంటారే గానీ ఫ్యాను వెయ్యమనరు.

అందుకే పెళ్ళిచూపులు చాలామంది ఇక్కడే పెట్టుకుంటారు. పోయిన మాఘమాసంలో కవాడిగూడ పెళ్ళికొడుకు ఒకాయన కాఫీ ఆవిరి ఎదురుగా కూర్చున్న పిల్లని పట్టించుకోకుండా అద్దాల తలుపు మీదుగా బస్టాపు వైపు సాగింది. పిల్ల తండ్రి తన కాఫీ నిదానంగా తాగి, మూతి తుడుచుకుని, "ఆ అమ్మాయినే చేసుకో బాబూ, సుఖంగా ఉంటావు" అని దణ్ణం పెట్టి లేచాడు. గొడవా లేదు, నిష్ఠూరమూ లేదు. నారాయణగూడ కాలేజీ జంటలు మాత్రం ఈ వైపు రారు. ఎందుకొచ్చిన పరీక్ష అని ఇరానీ హోటల్లో చాయ్ తాగి వెళ్ళిపోతారు.

ధర్మారావు ఆవిరి ఎప్పుడూ కమలాకుమారి దగ్గరికే వచ్చేది. స్టీలు గ్లాసు మీంచి లేచి, చిన్న వంపు తిరిగి, ముక్కుపుడక దాకా వచ్చి చెదిరేది. ఆయన నోరు విప్పి ఏనాడూ ఒక మెచ్చుకోలు మాట అన్న మనిషి కాదు. ట్రెజరీ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, మాటలు కూడా పొదుపుగానే వాడేవాడు. కాబట్టి ఆవిడకి ఆ ఆవిరే అన్నీ. గుడికి స్వామి కోసం వెళ్ళేది, హోటల్‌కి దీని కోసం వెళ్ళేది. ఈ మాట పైకి అనలేదు, అంతే.

2012లో, వైశాఖం చివర్లో ఒక శనివారం, ఆ ఆవిరి ఆవిడ దగ్గరికి రాలేదు. గ్లాసు మీంచి లేచి, ఆవిడ ఎడమ భుజం మీదుగా వెనక్కి సాగింది. తిరిగి చూస్తే అటువైపు పార్సిల్ కౌంటరు తప్ప ఏమీ లేదు. కౌంటరు వెనక ఒక పిల్ల సాంబారు కవర్లకి రబ్బరుబ్యాండు చుడుతోంది. చామనఛాయ, బక్కపలచన, నూనె రాసి బిగించి అల్లిన జడ. కౌంటరు కింద లావుపాటి పుస్తకం తెరిచి పెట్టుకుని, చేతులకి చట్నీ ఉందని మోచేత్తో పేజీ తిప్పుతోంది.

"ఎవరు పెద్దులూ, ఆ పిల్ల?" అని కమలాకుమారి మామూలుగా అడిగినట్టే అడిగింది.

పెద్దులు ఇరవై ఏళ్ళుగా వాళ్ళకి వడ్డిస్తున్న సర్వరు. "మన మంజుల గదమ్మా. మోత్కూరు దిక్కు. అశోక్‌నగర్‌ల హాస్టల్‌ల ఉంటది. పొద్దంత లైబ్రరీ, సాయంత్రం మా కాడ. గ్రూప్ టూకి చదువుతున్నది. శాన మంచి పిల్ల."

మంచి పిల్ల అన్న మాట ఆవిడకి పంటి కింద రాయిలా తగిలింది.

మరుసటి శనివారం, "అటు ఎండ కొడుతోంది, ఇటు కూర్చోండి" అని ఆయన్ని కౌంటరుకి వీపు పెట్టి కూర్చోబెట్టింది. ఆవిరి లేచి, ఆయన చెవి పక్కనుంచి వెనక్కి మళ్ళి, కౌంటరు వైపే పోయింది. కమలాకుమారి మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ పైవారం, "ఈ వయసులో కాఫీ మంచిది కాదట, బాదంపాలు చెప్పనా?" అంది. ధర్మారావు ఆవిణ్ణి వింతగా చూశాడు. "శనివారం కాఫీ లేకపోతే నాకు తల పగిలిపోతుంది కమలా" అన్నాడు. పెద్దులు ఫ్యాను ఆపాడు. ఆవిరి లేచిందో లేదో ఆవిడ మొహం తిప్పేసుకుంది. చూడటానికి ఏముంది కనక.

ఇంట్లో ఆవిడ పగ తీర్చుకోవడం మొదలుపెట్టింది. ఉప్మాలో అల్లం మానేసింది. పప్పుకి పోపు పెట్టలేదు. రెండు రోజులు కావాలని మజ్జిగ పులవబెట్టింది. ఆయన వంచిన తల ఎత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని లైబ్రరీకి వెళ్ళిపోయాడు. తేడా తెలియలేదంటే మనసు ఇక్కడ లేనట్టే కదా అని ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది. అద్దంలో చూసుకుంది. యాభై ఏడేళ్ళ మొహం. ఆ పిల్లకి ఇరవై నాలుగుంటాయేమో. అద్దానికున్న బొట్టుబిళ్ళలు పీకి మళ్ళీ అంటించింది.

కూతురు నిహారిక కవాడిగూడలోనే కాపురం. ఫోన్లో తల్లి గొంతు పట్టేసి, "ఏమైందమ్మా, నాన్ననే అడిగెయ్యొచ్చుగా" అంది.

"ఏమని అడగను? మీ కాఫీ ఎటు పోతోందని అడగనా?"

"అవును. అదే అడుగు."

కూతురికి చెప్పినంత తేలిక కాదు. ఓ మంగళవారం ధర్మారావు కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళాడు. అది ఇచ్చే వంకతో ఆవిడ ఆటో ఎక్కి అశోక్‌నగర్ వెళ్ళింది. లైబ్రరీ ఆవరణలో చెట్టుకొకరు, మెట్టుకొకరు కూర్చుని చదువుకుంటున్నారు. ఒకే సైజు నోటు పుస్తకాలు, ఒకే రకం నీళ్ళ సీసాలు. గోడ వారన సిమెంటు బెంచీ మీద ఆయనా, మంజులా. మధ్యలో ఒక నోటుబుక్కు. ఆయన పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, "ఇది ప్లాట్‌ఫారం, ఇది రైలు. రైలు తన పొడవు కూడా దాటాలి తల్లీ, అది వదిలేస్తున్నావు" అంటున్నాడు. ఆ పిల్ల వేళ్ళు ముడుస్తూ గొణుక్కుని, ఏదో అంకె చెప్పింది. ధర్మారావు తొడ మీద చరుచుకుని నవ్వాడు. "శభాష్" అన్నాడు.

ఆ మాట కమలాకుమారి ఆయన నోట ఎప్పుడూ వినలేదు. కళ్ళజోడు కొంగులో కట్టుకుని అలాగే వెనక్కి తిరిగింది.

రాత్రి భోజనాలయ్యాక అడిగేసింది. "ఆ పార్సిల్ పిల్లకి లెక్కలు చెబుతున్నారటగా."

ధర్మారావు పేపరు దించాడు. "ఎవరు చెప్పారు?"

"మీ కాఫీ చెప్పింది."

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. దొరికిపోయినవాడి సిగ్గు కాదది. మంచిపని బయటపడినవాడి సిగ్గు. "చురుకైన పిల్ల కమలా. అన్నీ వచ్చు, అంకగణితంలో తడబడుతుంది. రెండుసార్లు అక్కడే పోయిందట. నాకు మాత్రం పేపరు చదివాక పనేముంది? ఆడపిల్ల తన కాళ్ళమీద తను నిలబడాలి గదా."

కమలాకుమారికి ఒళ్ళంతా చురుక్కుమంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల వయసు మీద, జడ మీద కుళ్ళుకుంది గానీ, అసలు నొప్పి ఎక్కడుందో ఇప్పుడు దొరికింది.

"జ్యేష్ఠ బహుళ సప్తమి గుర్తుందా మీకు?" అంది.

"నాన్న తద్దినం. వచ్చేవారమేగా, ఎందుకు గుర్తుండదు?"

"డెబ్బై తొమ్మిదిలో ఆ రోజు ఇంకేముంది?"

ఆయన నుదురు చిట్లించి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఏముంది?" అన్నాడు.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆ రోజు ఆవిడ పరీక్ష ఉంది. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో బీఏ పాసై, పెళ్ళయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింటి దీపం కింద చదివి, క్లర్కు ఉద్యోగం పరీక్షకి కట్టింది. హాల్‌టికెట్టు కూడా వచ్చింది. పంచాంగం చూస్తే అదే ఆదివారం మామగారి తిథి. ఆయన రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్ళతోపాటు లారీలో ఈ ఊరొచ్చి, కోడలి చేతి వంట మెచ్చుకుని మరీ తిన్న పెద్దమనిషి. తిథి ఎప్పుడొచ్చిందో చూసి చెప్పింది కూడా తనే. చెప్పకుండా ఉండాల్సిందని ఒక్క క్షణం అనిపించి, చెంపలు వేసుకుంది. "పరీక్ష వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది, నాన్న తిథి తప్పితే ఎలా?" అన్నాడు ధర్మారావు. నిజమే కదా అనుకుని మడి కట్టుకుంది. మరుసటి ఏడు కడుపుతో ఉంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ ఊసు ఆయన మర్చిపోయాడు. ఇప్పుడు ఇంకెవరి కూతురికో రైలు లెక్కలు చెప్పి శభాష్ అంటున్నాడు.

తద్దినం ఎప్పట్లాగే లోటు లేకుండా జరిపించింది. శనివారాలు కూడా మానలేదు. మానితే ఓడిపోయినట్టు అనిపించింది. ఆషాఢం నడుస్తుండగా, పరీక్ష ముందురోజు శనివారం, ధర్మారావు జలుబు చేసి ఇంట్లో పడుకున్నాడు. ఆవిడ ఒక్కతే బయల్దేరింది.

మర్నాడు ఆ పిల్లకి పరీక్ష అని తెలుసు. తెలిసే వెళ్ళింది. ప్రదక్షిణలు చేస్తున్నంతసేపూ అనాల్సిన మాట కూర్చుకుంది. పెళ్ళాం ఉన్న మగవాడితో చెట్ల కింద కూర్చుని నీకు చదువేమిటి, మీ ఊళ్ళో మీవాళ్ళకి తెలిస్తే ఏమంటారు, రేపట్నించి మా ఆయన ఛాయలకి రాకు. మెత్తగా అంటే చాలు. ఆ పిల్లకి రాత్రంతా నిద్ర ఉండదు. ఆ సంగతి కూడా ఆవిడకి తెలుసు. స్వామి ముందు నిలబడితే దణ్ణం పెట్టడానికి చేతులు లేవలేదు. లెక్క తప్పి ఎన్ని ప్రదక్షిణలు చేసిందో గుర్తులేక, అలాగే బయటికొచ్చేసింది.

"అయ్యగారు రాలేదా అమ్మా?" అన్నాడు పెద్దులు.

"జలుబు. ఒక్క కాఫీ చాలు. తినడానికేం వద్దు."

పెద్దులు ఫ్యాను ఆపి, కాఫీ పెట్టి పక్కకి జరిగాడు. బల్లమీద ఒకటే గ్లాసు. ఇన్నేళ్ళూ ఎదుటి గ్లాసు చూడటమే తప్ప, కమలాకుమారి తన గ్లాసు ఏనాడూ చూసుకోలేదు. ఇప్పుడు చూడటానికి ఇంకోటి లేదు. ఆవిరి లేచింది. పేనిన వత్తిలా చిక్కగా, ఎటూ ఊగకుండా, నాలుగు బల్లలు దాటి సూటిగా వెళ్ళి పార్సిల్ కౌంటరు వెనకున్న మంజుల మొహం మీద వాలింది.

ఆవిడ గ్లాసు ఇటు తిప్పింది, అటు తిప్పింది. చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి ఆవిరి తన దారిన తను పోయింది.

"ఏమైంది పెద్దులూ దీనికి?"

"ఇయ్యాల కొత్తనా అమ్మా? రెండు నెలల సంది గట్లనే పోతున్నది గద. మస్తుమంది చూస్తుంటరు, గా అమ్మకి మంజుల అంటే ఎంత పావురమో, ఎంత ప్రేమనో అని."

"మరి అయ్యగారిది?"

"సార్‌ది సన్నగ లేస్తది. కౌంటర్ దిక్కు సగం దూరం పోతది, మళ్ల మర్లొచ్చి మీ మీదనే వాల్తది. మీరే చూసుకోరు. పొగ లేసుడుతోటే మొఖం తిప్పుకుంటరు."

కమలాకుమారి గ్లాసు మీంచి చెయ్యి తీసేసింది. రెండు నెలలుగా పొద్దున లేచింది మొదలు తను ఎవరిని తలుచుకుందో, స్నానం చేస్తూ, పువ్వులు కోస్తూ, విష్ణుసహస్రనామం చదువుతూ కూడా ఎవరి మొహం కళ్ళముందు పెట్టుకుందో లెక్క వేసుకుంటే భయమేసింది. స్వామిని కూడా అంత తలుచుకోలేదు.

ఈలోగా మంజుల చున్నీకి చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడింది. "అమ్మా, జర కూసోవచ్చా?"

అనాల్సిన మాట నాలిక చివరే ఉంది. కమలాకుమారి తల ఊపింది.

"సార్‌ని అడుగుదామనుకున్న, అమ్మతోటి మాట్లాడొచ్చా అని. భయమైంది." మంజుల కుర్చీ అంచు మీద కూర్చుంది. "రేపు పరీక్ష అమ్మా. ఇయ్యాలన్న చెప్పాలె అనిపించింది. ఎండాకాలంల నేను బ్యాగు సదురుకున్న, ఊరికి పోదామని. రెండుసార్లు తప్పిన. మా అన్న, ఇగ చాలు, వచ్చెయ్ అన్నడు. అమ్మ లేదు నాకు. హాస్టల్‌ల ఒక రూముకి ఎనిమిది మందిమి, తిన్నవా అని ఒక్కరు అడగరు. సార్ లెక్కలు చెప్తనన్నడు, గయినా పానం ఒప్పలే. ఏడాది సంది గా కౌంటర్ కాడ కూసుంటున్న. అందరి పొగలు చూస్తుంట. పెండ్లాల దిక్కు పోతయి, పిల్లల దిక్కు పోతయి. నా మూలకి ఒక్కటన్న రాలే. పోయేముందు జీతం తీసుకుందామని శనివారం దాంక ఆగిన. గా శనివారం మీది వచ్చింది."

కమలాకుమారి గ్లాసు వైపు చూసింది. ఆవిరి ఇప్పుడు చాలా దగ్గరగా, ఆ పిల్ల చెంపకి ఆనుకుని ఉంది.

"వెచ్చగ తగిలింది మొఖానికి. మల్ల వారం గుడ వచ్చింది. ఎవరో పెద్దమ్మ, నాకేం కాదు, మాట గుడ కలవలే, మనసంత నా మీద పెట్టుకున్నది అనుకున్న. పోయి బ్యాగు ఇప్పేసిన. చదువుతుంటె నిద్రొస్తె, శనివారం యాద్‌జేసుకుంట." మంజుల తల వంచుకుంది. "గంతే అమ్మా. దీవించుండ్రి."

కమలాకుమారి నోరు తెరిచింది. ప్రదక్షిణల్లో కూర్చుకున్న మాటలన్నీ వరసగా నిలబడే ఉన్నాయి. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"రేపు పొద్దున్న ఏం తిని వెళ్తావు?"

"హాస్టల్‌ల ఎనిమిదిన్నర దాంక ఏం పెట్టరమ్మా. బిస్కెట్లు కొనుక్కున్న."

"సెంటరెక్కడ?"

"నారాయణగూడ. ఫ్లైఓవర్ దిగంగనే కాలేజీ."

"ఏడింటికల్లా మా ఇంటికి రా. సార్ ఇల్లు తెలుసుగా."

ఆదివారం పొద్దున్నే కమలాకుమారి వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, అరటికాయ వేపుడు వడ్డించింది. మంజుల సిగ్గుపడుతూ తింది, రెండోసారి అన్నం పెట్టించుకుంది. ధర్మారావు మఫ్లరు చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "రైలు పొడవు మర్చిపోకు" అని మాత్రం అన్నాడు.

ఆటోలో గేటు దాకా ఆవిడే దింపింది. వందలమంది పిల్లలు, హాల్‌టికెట్లు పట్టుకుని, గోడలకంటించిన నెంబర్లు వెతుక్కుంటున్నారు. మంజుల వంగి కాళ్ళకి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళింది. గేటు మూశారు. గంట కొట్టారు. కమలాకుమారి అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడింది. కడుపులో ఇంకా మంటగానే ఉంది. అబద్ధం ఎందుకు. లోపల బల్లముందు కూర్చున్న ప్రతి ఆడపిల్లని తలుచుకున్నా కుళ్ళొచ్చింది. అయినా కాళ్ళు ఇంటివైపు కదల్లేదు. ఆ పిల్ల పేరు మీద ఒకటి తర్వాత ఒకటి గోవిందనామాలు అనుకుంటూ ఉండిపోయింది.

పదకొండింటికి ఒక ఆటో ఆగింది. ధర్మారావు దిగి, మఫ్లరు సర్దుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. మూసిన గేటు వైపు చూశాడు.

"ఆ రోజు నీకు పరీక్ష ఉంది" అన్నాడు. "క్లర్కు పరీక్ష. రాత్రి జ్ఞాపకం వచ్చింది. నిన్ను లేపుదామనుకున్నాను, మొహం చెల్లలేదు."

"ముప్ఫై మూడేళ్ళు పట్టింది మీకు."

"పట్టింది" అన్నాడాయన. సమర్థించుకోలేదు. ఎండ ఆవిడ మీద పడకుండా గొడుగు విప్పి పట్టుకుని, పరీక్ష అయ్యేదాకా చెయ్యి మార్చుకుంటూ నిలబడ్డాడు.

ఏడాదిన్నర తర్వాత మంజులకి ఉద్యోగం వచ్చింది. నల్లగొండలో పోస్టింగు. చేరేముందు శనివారం హోటల్‌కి వచ్చింది, ఈసారి కౌంటరు వెనక్కి కాదు, వాళ్ళ బల్ల దగ్గరికి. పెద్దులు ఎవరూ చెప్పకుండానే రెండు ప్లేట్లు ఇడ్లీ ఎక్కువ తెచ్చాడు. ధర్మారావు చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు కమలాకుమారి గొంతు తగ్గించింది. ఈ మాట స్వామికి చెప్పుకుంది గానీ, చెప్పాల్సిన మనిషికి చెప్పలేదని చాలా రోజులుగా ఆవిడకి నిద్ర సరిగా లేదు.

"మంజులా, నీకో సంగతి చెప్పాలి. నువ్వు దీవెన అనుకున్నావు చూడు, అప్పుడు నా మనసు నీ మీద మంచిగా లేదమ్మా. నీ మీద ఏడుపుతో ఉండేదాన్ని. ఆ పరీక్ష ముందురోజు నిన్ను నాలుగు మాటలు అనడానికే వచ్చాను."

మంజుల చేతిలో చెంచా ఆగింది. కమలాకుమారి కళ్ళు దించుకుంది. పక్క బల్ల దగ్గర ఎవరో ఉప్పు అడుగుతున్నారు.

"ఎట్లనన్న ఉండనియ్యి అమ్మా" అంది మంజుల. "నా మీదనే ఉండె గద."

అని ఇడ్లీ ముక్క సాంబార్‌లో ముంచి నోట్లో పెట్టుకుంది.